పదిహేనేళ్లు నడపాలంటే ఏ కంపెనీ ఇంజిన్ మన్నుతుంది?

ప్రశ్న:
నేను ఖమ్మంలో ఉద్యోగం చేస్తున్నాను. నెలకు రెండుసార్లు హైదరాబాదు వెళ్లివస్తాను. మిగతా రోజుల్లో ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లే ప్రయాణం. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగిసేదాకా కారు అమ్మే ఉద్దేశం లేదు. మారుతి, టయోటా, హ్యుందాయ్, టాటాలలో దేని ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుంది? మా బావగారు డీజిలే తీసుకోమంటున్నారు.

మొదటి జవాబు:
కంపెనీ పేరు కన్నా బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందో అడగడం మేలండి. ఫియట్ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌నే మారుతి స్విఫ్ట్‌లో డీడీఐఎస్ అనీ, టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అనీ వేర్వేరు పేర్లతో కొన్నాం. మారుతి బలెనో, టయోటా గ్లాంజాలదీ ఒకే ఇంజిన్. అలాగని టయోటాకు ఆ పేరు ఊరికే రాలేదు. 2005లో వచ్చిన ఇన్నోవా 2494 సీసీ డీజిల్ ఇంజిన్‌తో ట్యాక్సీవాళ్లు మూడేసి లక్షల కిలోమీటర్లు తిరగడం మనం చూసిందే. కానీ ఆ బళ్లు రోజంతా వేడెక్కిన ఇంజిన్‌తో హైవేల మీద తిరిగినవి కాబట్టి, ఆ లెక్క మీ నాలుగు కిలోమీటర్లకు వర్తించదు.

రెండో జవాబు:
బావగారి సలహా పదేళ్ల కిందటైతే సరిపోయేది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 అనే వాహన కాలుష్య నిబంధనల వల్ల డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత వచ్చింది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. చిన్న ప్రయాణాల్లో ఆ పని మాటిమాటికీ సగంలో ఆగిపోయి, కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది. మీకు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ నయం. బలెనోలోనూ హ్యుందాయ్ ఐ20లోనూ అలాంటి 1197 సీసీ ఇంజిన్లున్నాయి, రెండింటిలోనూ వాల్వులను నడిపేది కొన్నేళ్లకోసారి మార్చాల్సిన బెల్టు కాదు, టైమింగ్ చైనే. అయితే తక్కువ తిరిగానని ఆయిల్ మార్చడం వాయిదా వేయకండి; కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి మార్చాలి.

మూడో జవాబు:
నా కారు కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు నాదే. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ పైపు కారుతుంటే గమనించక, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా ఊరు దగ్గరే కదా అని నడిపాను. ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయింది, ఎనభై వేల కిలోమీటర్లకే ఇంజిన్ విప్పాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. బలెనో, ఐ20 రెండూ నడిపి చూస్తాను. బావగారికి డీపీఎఫ్ సంగతి చెప్పి ఒప్పించడమే ఇక మిగిలింది.