మూడేళ్ల తర్వాత "ఓపెన్ ఫైల్ పంపించు" అంటున్నారు. ఇవ్వాలా, వద్దా?

రామగిరి గీతలు (నల్గొండ):
అందరికీ నమస్తే. ఒక పంచాయితీ తెచ్చాను, జర ఓపిగ్గా చదవండి.

నేను ఇంట్లోనే కూర్చుని డిజైన్ పనులు చేస్తాను. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లుకు మూడేళ్ల కింద లోగో, బియ్యం బస్తా డిజైన్ చేశాను. లోగోకు 6,000, బస్తాకు 12,000. బస్తా అంటే ఆషామాషీ పని కాదు. మెరిసే బీఓపీపీ సంచి మీద ప్రింట్‌కు ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కుతారు. అందుకని ఫైల్‌లో ఏ రంగుకు ఆ రంగు విడిగా ఉండాలి. వరి కంకి ఒక్కటి గీయడానికే నాకు నాలుగు రాత్రులు పట్టింది. కర్వ్స్ చేసిన (అంటే అక్షరాలను గీతలుగా మార్చిన) పీడీఎఫ్, లోగో పీఎన్‌జీ ఇచ్చాను. పైసలు మొత్తం ఇచ్చారు, అందులో పేచీ లేదు.

మొన్న సోమవారం సేటు కొడుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "అన్నా, బస్తాది ఓపెన్ ఫైల్ పంపించు. హైదరాబాద్ పార్టీ అడుగుతున్నరు." ఓపెన్ ఫైల్ అంటే నేను పని చేసుకున్న, దిద్దుకునే వీలున్న అసలు ఫైల్. అది అడిగారంటే పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. దాని గురించి నాకు బాధ లేదు (కొంచెం ఉంది). ఎందుకని అడిగితే, "పైసలు ఇచ్చినం కదా అన్నా, ఫైల్ మాదే" అన్నాడు. నా లెక్కలో వాళ్లు కొన్నది బస్తా మీది బొమ్మ. దాన్ని తయారుచేసిన కోరల్ (డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైల్ కాదు. అప్పుడు కాగితం మీద ఏమీ రాసుకోలేదు, అది నా తప్పే. ఇప్పుడు ఇవ్వాలా? ఇస్తే ఉత్తగనే ఇవ్వాలా?

ఫ్లెక్సీ కాకా (దేవరకొండ):
ఇవ్వకు. ఇచ్చిన రోజే గిరాకీ పోయిందనుకో.

మిల్లు లెక్కలు:
గిరాకీ పోయాకే కదా కాకా ఫైల్ అడిగింది.

నేను అవతలి పక్క మనిషిని. మిల్లులో లెక్కలు చూస్తాను (ఆ మిల్లు కాదు, కంగారు పడకండి). 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది గుర్తుందా? ఆ దెబ్బకే 26 కిలోల బస్తా పుట్టింది. మా బస్తా మీద 25 తీసి 26 పెట్టాలి. ఒకే ఒక్క అంకె. మా డిజైనర్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు. వాళ్ల నాన్నను ఆస్పత్రిలో చేర్చారని తర్వాత తెలిసింది. ఆయన తప్పేమీ లేదు. కానీ కొత్త సంచుల ఆర్డర్ తొమ్మిది రోజులు ఆగింది. గోదాంలో బియ్యం ఉంది, పోయడానికి సంచి లేదు. చివరికి ప్రెస్సు వాళ్లే పీడీఎఫ్ తెరిచి, ఆ అంకె మీద డబ్బా కప్పి, ఏదో ఫాంట్‌లో 26 కొట్టారు. ఇప్పటికీ మా బస్తా మీద ఆరు కొంచెం పక్కకు ఒరిగే ఉంటుంది. రోజూ చూస్తాను దాన్ని.

ఇంకో మాట. సిలిండర్లకు పైసలు కట్టింది మేమే, అవి ప్రెస్సు వాళ్ల దగ్గర ఉంటాయి. డిజైన్‌కు కట్టిందీ మేమే, అది మీ లాప్‌టాప్‌లో ఉంటుంది. మా చేతిలో మిగిలింది బియ్యం ఒక్కటే.

రామగిరి గీతలు:
ఆ ఒక్క అంకె మార్చడానికి నేనైతే రూపాయి కూడా తీసుకోను. పది నిమిషాల పని.

మిల్లు లెక్కలు:
మీరు తీసుకోరు, నమ్ముతాను. మీరు ఫోన్ ఎత్తకపోతే?

పాలమూరు పిక్సెల్:
ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత. ఇచ్చేముందు ఫైల్‌ను ఒకసారి కడగండి. నాకు తగిలిన దెబ్బ చెప్తాను.

కోరల్‌లో పని చేసేవాళ్లకు తెలుసు, పేజీ బయట ఎంత చెత్త పడి ఉంటుందో. పనికిరాని లోగోలు, సగం గీసిన బొమ్మలు, పక్క పని నుంచి కాపీ చేసి తెచ్చిన ముక్కలు. మహబూబ్‌నగర్‌లో ఒక నూనె వ్యాపారి అర్జెంట్ అంటే, ఉన్న ఫైల్ ఉన్నట్టే మెయిల్ చేశాను. పేజీకి కుడిపక్క మూలన ఇంకో నూనె వ్యాపారి కొత్త బ్రాండ్ పేరు, డబ్బా లేబుల్, కింద "ఫైనల్ 2" అని నా రాత. ఆ సరుకు ఇంకా బజారుకే రాలేదు. వీళ్లిద్దరివీ ఒకే బజారులో ఎదురెదురు దుకాణాలు. సాయంత్రానికి రెండోవాడు మా ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. ఇద్దరు గిరాకీలూ ఒకే రోజు పోయారు నాకు.

అందుకే నా లెక్కలో పని చేసుకున్న ఫైల్ అంటే వంటింటి లాంటిది. అతిథికి పెట్టేది విస్తరి.

అనూ అక్క డీటీపీ (సూర్యాపేట):
మీ గొడవ చూస్తే నవ్వొస్తోంది. ఫైల్ ఇచ్చినా అవతలివాడు ఏం చేసుకుంటాడు?

పాతికేళ్లుగా పెళ్లి పత్రికలు, కరపత్రాలు, స్కూల్ డైరీలు చేస్తున్నాను. నా ఫైళ్లలో తెలుగంతా అను ఫాంట్లలోనే (డీటీపీ వాళ్ల పాత ఫాంట్లు, యూనికోడ్ కావు). ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప కనిపిస్తుంది. కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి ఇస్తే బాగానే కనిపిస్తుంది, కానీ అక్షరం దిద్దలేరు. పోనీ ఫాంట్లు కూడా కలిపి ఇద్దామంటే, కొన్న ఫాంట్ లైసెన్స్ కొన్నవాడిది. ఫైల్‌తో పాటు దాన్నీ పంచిపెట్టడానికి లేదు. ఎవరైనా మొదటి నుంచే ఓపెన్ ఫైల్ కావాలంటే వాళ్ల పనికి మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడతాను. అవి స్వేచ్ఛా లైసెన్స్‌వి, ఎవరికిచ్చినా తప్పు కాదు.

ఆపైన వెర్షన్ల బాధ. కొత్త కోరల్‌లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. కింది వెర్షన్‌లో సేవ్ చేసి పంపాలి. ఇది అడిగేవాళ్లలో సగం మందికి తెలియదు.

అయితే మిల్లు తమ్ముడి మాటలో నిజం ఉంది. 2016 అక్టోబర్‌లో నల్గొండ జిల్లా మూడు ముక్కలైనప్పుడు మా ఊళ్లో ప్రతి దుకాణం బోర్డు మీద, బిల్లు బుక్కు మీద "నల్గొండ జిల్లా" తీసి "సూర్యాపేట జిల్లా" పెట్టాలి. ఆ ఒక్క మాట మార్చడానికి మనిషికి 300 తీసుకున్నాను. దసరా సీజన్ బాగా గడిచింది. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది. కొంచెమే.

కోర్టు చౌరస్తా:
"పైసలు ఇచ్చినం కాబట్టి మాదే" అనే మాట చట్టంలో అంత సులువుగా నిలబడదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం గీసినవాడే మొదటి యజమాని. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా గీస్తే మాత్రం అది ఉద్యోగం ఇచ్చినవాడిది. పైసలిచ్చి తీయించుకున్న ఫొటో, గీయించుకున్న పెయింటింగ్ లేదా రూపచిత్రం విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవాడిదే. లోగో, బస్తా డిజైన్ ఆ మాటల కిందికి వస్తాయా అంటే వాదించుకోవడానికి చోటుంది. హక్కు రాసివ్వాలంటే 19వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసి, ఇచ్చేవాడు సంతకం పెట్టాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వాట్సాప్‌లో "ఓకే అన్నా" అని బొటనవేలు బొమ్మ పెట్టి హక్కు రాసిచ్చేశారు అనడం కష్టం.

ఇందులో మీరంతా కలిపేస్తున్నవి రెండు వేరు వేరు సంగతులు. హక్కు ఒకటి, ఫైల్ ఇంకొకటి. హక్కు మొత్తం రాసిచ్చినా ఓపెన్ ఫైల్ చేతికివ్వాలని ఆ సెక్షన్లలో లేదు. ఫైల్ ఇచ్చినంత మాత్రాన హక్కూ పోదు. లోగో మీద మాత్రం పట్టు పట్టకండి. రేపు వాళ్లు దాన్ని ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలనుకుంటే, గీసిన మనిషి అడ్డం తిరిగితే తలనొప్పి. అది వాళ్ల ఇంటి పేరు లాంటిది, రాసిచ్చేయండి.

చిటికి గ్రాఫ్ (పుట్టపాక):
మాది మగ్గం ఇల్లు. మా నాన్న గ్రాఫ్ కాగితం మీద గడి గడికి పెన్సిల్‌తో రంగు నింపేవాడు. ఆ గ్రాఫ్ చూసే ఆసు (నూలు చుట్టే చట్రం) మీద నూలు పోసి, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట ముడి వేసి), రంగు అద్దేది. గ్రాఫ్ ఇవ్వకపోతే అసలు చీరే లేదు. కాబట్టి దాచుకునే వీలు ఎప్పుడూ లేదు. ఇచ్చాక ఏమవుతుందో కూడా తెలుసు. ఇవాళ మా మగ్గం, ఎల్లుండి పక్క వీధి, ఆర్నెల్లకు అదే డిజైన్ మీటర్ల లెక్కన మిల్లు గుడ్డ మీద ప్రింట్. మా నేత అయిన పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది ఊరి పేరును కాపాడుతుంది, మా నాన్న గీసిన గడులను కాదు.

కాబట్టి ఫైల్ దాస్తే కాపీ ఆగుతుందన్న భ్రమ వదిలేయండి. బస్తా బజారులోకి వచ్చిన రోజే ఫొటో తీసి గీసుకునేవాడు గీసుకుంటాడు. ఫైల్‌కు రేటు కట్టండి, తీసుకోండి, ఇచ్చేయండి.

ఫ్లెక్సీ కాకా:
బిర్యానీ తిన్నోడికి వంట పుస్తకం కూడా ఇస్తామా?

చిటికి గ్రాఫ్:
కాకా, ఈ బిర్యానీ మాట ప్రతి చర్చలోనూ వస్తుంది. బిర్యానీలో ఎవరూ వచ్చే ఏడాది 25 తీసి 26 పెట్టమని అడగరు.

పాలమూరు పిక్సెల్:
😂 కాకా ఆఫ్‌లైన్.

రామగిరి గీతలు:
ఇప్పటిదాకా జరిగింది చెప్తాను.

ముందు హైదరాబాద్ పార్టీతోనే నేరుగా మాట్లాడాను. ఇది మొదటి రోజే చేయాల్సింది. వాళ్లకు కావాల్సింది అడ్రస్ మార్చడం, కొత్త 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్స్) నంబర్ పెట్టడం, ఇంకో 10 కిలోల సంచి చేయడం. మొదటి రెండింటికీ నేనిచ్చిన పీడీఎఫ్ చాలు. కర్వ్స్ చేసినా గీతలు, రంగులు అన్నీ విడిగానే ఉంటాయి, కోరల్‌లో తెరిచి ఆ లైన్ తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. సంచి సైజు మారితేనే నా ఫైల్ అవసరం. సేటు కొడుక్కి ఇవేవీ తెలియవు, వాళ్లు అడగమన్నారని అడిగాడు. నేను నా ఆస్తి గుంజుకుపోతున్నట్టు లొల్లి చేశాను.

లోగో ఓపెన్ ఫైల్ ఉత్తగనే పంపాను, హక్కు రాసిస్తూ ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాను. బస్తా ఫైల్‌కు 5,000 అడిగాను. పాలమూరు తమ్ముడి కథ చదివాక పేజీ బయట చూస్తే, నా దాంట్లో కూడా వేరే మిల్లు కంకి ఉంది. తీసేశాను. ఫాంట్ల పేర్లు రాసిచ్చాను, ఫాంట్లు ఇవ్వలేదు. సేటు కొడుకు 3,000 అన్నాడు. 4,000 దగ్గర తెగింది. ఇకపై కొటేషన్‌లోనే ఓపెన్ ఫైల్‌కు వేరే లైన్ రాస్తున్నాను, వద్దన్నవాళ్లు వద్దనొచ్చు.

మిల్లు లెక్కలు:
4,000 న్యాయమే. ఆ లైన్ మాకు 2022లో కనిపించి ఉంటే అప్పుడే కట్టేవాళ్లం.

ఫ్లెక్సీ కాకా:
చూస్తూ ఉండు, వచ్చే ఏడాది ఆ కంకి ఇంకో నాలుగు మిల్లుల బస్తాల మీద కనిపిస్తది.

రామగిరి గీతలు:
కనిపించొచ్చు కాకా. ఇప్పుడే హైదరాబాద్ నుంచి మెసేజ్ వచ్చింది. "బ్రో, ఫైల్ ఓపెన్ అవ్వట్లేదు, కింది వెర్షన్‌లో సేవ్ చేసి పంపండి."

అనూ అక్క డీటీపీ:
నేనేం చెప్పాను?