దోనకొండలో రన్‌వే ఉండగా హైవే మీద విమానాలు దించడమేంది?

దోనకొండోడు:
మా ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం ఉంది. ఇంగ్లీషోళ్లు కట్టి పోయారు. చిన్నప్పుడు గేదెలు తోలుకుని అక్కడికే పోయేవాణ్ణి, మేం క్రికెట్ నేర్చుకుంది కూడా ఆ నేల మీదే. అది అట్టా పడుంటే, కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారిని 4.1 కిలోమీటర్ల పొడవున రన్‌వేగా మార్చి 2022 డిసెంబరులో ట్రయల్ వేశారు, 2024 మార్చిలో సుఖోయ్ యుద్ధ విమానాలు దించారు. జనం గోడలెక్కి చూశారు. నాది ఒకటే ప్రశ్న. ఉన్నదాన్ని బాగుచేసుకోకుండా లారీలు తిరిగే రోడ్డు మీద విమానాలేంది? సైన్యానికి ఏం తక్కువైందో, దానికి ఏం చెయ్యాలో ఢిల్లీలో కూర్చుని లెక్కగట్టే పెద్దలకి దోనకొండ మ్యాపులో కనపడలేదా?

ఒంగోలు గిత్త:
సుఖోయ్ దిగలేదు బ్రో. ఓవర్‌షూట్ చేసింది, అంటే కిందదాకా వచ్చి దిగకుండా పైకి పోయింది. హాక్ కూడా అంతే. దిగి మళ్లీ లేచింది ఏఎన్-32, డోర్నియర్ అనే రవాణా విమానాలు.

దోనకొండోడు:
అంటే యుద్ధ విమానం అసలు దిగనే లేదన్నమాట! ఇంకెందుకు ఆ రోడ్డు?

కావలి లెక్కల మాస్టారు:
అబ్బాయ్, నువ్వు ప్రశ్నే తలకిందులుగా వేశావు. "ఇక్కడ రన్‌వే ఉంది, దీన్ని దేనికి వాడాలి" అని మొదలుపెడితే అది సైన్యం లెక్క కాదు, రియల్ ఎస్టేట్ లెక్క. ప్రణాళిక వేసేవాళ్లు ముందు వస్తువు జోలికి పోరు, పని గురించి అడుగుతారు. ఏ పని చెయ్యాలి, ఎలాంటి పరిస్థితిలో చెయ్యాలి, ఎంతవరకు చేస్తే చేసినట్టు. ఈ మూడూ కాగితం మీద పెట్టాక, ఇవాళ మన దగ్గరున్న మనుషులతో సామానుతో అది అవుతుందా అని చూస్తారు. కాని చోట మిగిలిందే లోటు.

ఇక్కడ పని ఏంటంటే, యుద్ధం మొదలైన రోజే శత్రువు మన ఎయిర్‌బేస్ రన్‌వేలకి గుంటలు పెడితే గాల్లో ఉన్న విమానం ఎక్కడ దిగాలి? 1971 డిసెంబరులో గుజరాత్‌లోని భుజ్ రన్‌వే మీద పాకిస్తాన్ బాంబులేస్తే పక్కనున్న మాధాపర్ ఊరి ఆడవాళ్లు దాదాపు 300 మంది వచ్చి మూడు రోజుల్లో బాగుచేశారు. వాళ్లకి దండం పెట్టాలి. కానీ ఈసారి మూడు రోజులు ఎవరిస్తారు? అందుకని దిగే చోట్లు ఎక్కువుండాలి, చౌకగా ఉండాలి. దోనకొండ తీసుకుంటే కొత్త రన్‌వే, కంచె, కాపలా, సిబ్బంది అన్నీ పెట్టాలి, పెట్టాక శత్రువు మ్యాపులో ఇంకో చుక్క అవుతుంది. హైవే ఎలాగూ వేస్తున్నారు, కొంత గట్టిగా వేస్తే సరి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద 2015లోనే మిరాజ్ యుద్ధ విమానం దించి చూశారు. 2021లో రాజస్థాన్‌లో బాడ్మేర్ దగ్గరా, పూర్వాంచల్ ఎక్స్‌ప్రెస్‌వే మీదా మొదలుపెట్టారు. మన మీద ప్రేమతోనో పగతోనో చేసింది కాదు. తుపాను వచ్చి అన్నీ మునిగినప్పుడు సాయం దించడానికీ పనికొస్తుంది, మన తీరానికి తుపాన్లు కొత్త కాదుగా.

నెల్లూరు ట్రంకురోడ్డు:
ఇంత కథ ఎందుకు సామీ. వాయుసేనకి 42 స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల దళాలు ఉండాలి. 2025 సెప్టెంబరులో మిగ్-21లు ఇంటికి పోయాక 29 మిగిలాయి. లోటు 13. పదమూడు కొనండి, చర్చ అయిపోయింది.

కావలి లెక్కల మాస్టారు:
తీసివేత బాగా చేశావు నాయనా, మార్కులు వేస్తాను. కానీ 42 అనేది సంఖ్య, సామర్థ్యం కాదు. విమానం ఉండి పైలట్ లేకపోతే? గాల్లో ఇంధనం పోసే ట్యాంకర్లు మన సొంతానివి ఆరే. అవి సరిపోకపోతే పదమూడు కాదు ముప్పై స్క్వాడ్రన్లు తెచ్చినా దూరం పోలేవు. పైగా కొనండి అంటే సంతలో గిత్తని కొన్నట్టా? 126 యుద్ధ విమానాలకి 2001లో కంపెనీల నుంచి వివరాలు అడిగారు, 2007లో టెండరు పిలిచారు, 2012లో రఫేల్‌ని ఎంచారు, 2015లో అది మూలనపడింది, 2016లో 36 మాత్రం కొన్నారు. ఈ పదిహేనేళ్లలో పాతవి రిటైరవుతూనే ఉన్నాయి. లోటు నీ కోసం కదలకుండా కూర్చోదు.

సిగ్నల్స్ రిటైర్డ్, గిద్దలూరు:
మాస్టారూ నమస్తే. ఇరవై రెండేళ్లు చేసి వచ్చాను కాబట్టి ఒక మాట. మీరు చెప్పిన పని, పరిస్థితి, ప్రమాణం అంతా బాగుంది. ఆ కాగితం రాసేది ఎవరు? 2011లో రైఫిల్ టెండరు గుర్తుందా? జవాన్ల చేతిలో ఉన్న ఇన్సాస్ రైఫిలు బదులు కొత్తది కావాలి. సరే, న్యాయం. ఏం అడిగారు? ఒకే రైఫిలు, ఒక బ్యారెల్ బిగిస్తే 5.56 సైజు తూటా, ఇంకోటి బిగిస్తే 7.62 సైజుది పేలాలి. కొండ మీద కాల్పులు జరుగుతుంటే జవాను కూర్చుని బ్యారెల్ మార్చుకోవాలి కాబోలు. నాలుగేళ్లు ట్రయల్స్ తిప్పి 2015లో టెండరు రద్దు చేశారు. చివరికి 2019లో హడావిడిగా అమెరికా సిగ్ రైఫిళ్లు 72,400 కొన్నారు. ఆ మధ్యలో చేతిలో ఉన్నదాంతోనే కదా మావాళ్లు పోట్లాడింది. బంకర్‌లో పడుకున్నవాణ్ణి ఒక్కసారి అడిగి ఉంటే రెండు నిమిషాల్లో చెప్పేవాడు. రాసేటోడికి తగలదు తూటా.

కార్గిల్‌లోనూ అంతే. పాకిస్తాన్ ఫిరంగి ఎక్కణ్ణించి పేలుతుందో పట్టే రాడార్ వాళ్ల దగ్గరుంది, మన దగ్గర లేదు. అది కావాలని మనవాళ్లు అంతకుముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. యుద్ధం అయిపోయాక 2002లో అమెరికాతో బేరం కుదుర్చుకుని, ఆ తర్వాత మొత్తం పన్నెండు తెచ్చుకున్నారు.

దోనకొండోడు:
అన్నా కరెక్ట్. అడగరు. మా ఊరినీ ఎవరూ అడగలా.

కావలి లెక్కల మాస్టారు:
కార్గిల్ నుంచి నేర్చుకోలేదంటే ఒప్పుకోను. తప్పెక్కడ జరిగిందో చూడటానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, మూడు దళాలనీ కలిపి చూడటానికి 2001లో ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్ పెట్టారు, 2020 జనవరిలో సీడీఎస్, అంటే మూడు దళాలనీ కలిపి నడిపించే అధికారి వచ్చాడు. పదిహేనేళ్ల ప్లాను పోయి పదేళ్ల సామర్థ్య ప్రణాళిక వచ్చింది. ఇప్పుడు ఏదైనా కొనాలంటే ముందు కంపెనీల దగ్గర ఏముందో వివరాలు తెప్పించుకోవాలి, దాన్నిబట్టి క్యూఆర్ అంటే ఉండాల్సిన గుణాలు రాయాలి, రక్షణ మంత్రి కూర్చునే కౌన్సిల్ "అవసరం నిజమే" అని ఒప్పుకోవాలి, అప్పుడే టెండరు, ఫీల్డ్ ట్రయల్స్, బేరం.

అమెరికావాళ్లు ఇంకో మంచి పని చేశారు. 2003లో తెచ్చిన పద్ధతిలో లోటు కనపడగానే కొనడానికి పరిగెత్తకుండా ఎనిమిది గదులు తట్టమన్నారు. యుద్ధం చేసే తీరు మారిస్తే సరిపోతుందా, యూనిట్ల కూర్పు మారిస్తే, శిక్షణ ఇస్తే, నాయకత్వం, మనుషులు, వసతులు, విధానం... వస్తువు ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. కొన్నిసార్లు "ఈ లోటుని ఇప్పటికి భరిద్దాం" అని రాయడం కూడా జవాబే.

సిగ్నల్స్ రిటైర్డ్, గిద్దలూరు:
అదే అమెరికా 2025 ఆగస్టులో ఆ పద్ధతిని మూసెయ్యమని ఆర్డరిచ్చింది మాస్టారూ. కాగితాలు తిరగడానికే ఏళ్లు పడుతున్నాయని. మీరు మనకి అతికిద్దామంటున్నారు.

కృష్ణపట్నం బోటు:
నేను వేటకి పోయేవాణ్ణి, చదువు తక్కువ, తప్పుంటే మన్నించండి. ముంబై దాడి చేసినోళ్లు 2008లో వచ్చింది మన దేశం పడవ మీదే, కుబేర్ అని గుజరాత్‌ది, దారిలో పట్టుకుని ఎక్కారు. ఆనాడు తీరమంతా రాడార్లు ఉండి ఉన్నా మన పడవే అని వదిలేసేవాళ్లుగా. దాని తర్వాత రాడార్లూ పెట్టారు, మాకు కార్డులిచ్చారు, రాష్ట్రానికొక రంగు పడవలకి వెయ్యమన్నారు. నన్నడిగితే ఆ రంగు మంచి పని, డబ్బా పెయింటు ఖర్చు, దూరం నుంచే ఇది మనదా కాదా తెలుస్తుంది. కానీ 20 మీటర్లు దాటిన పడవలకే ఎక్కడుందో సిగ్నల్ ఇచ్చే ఏఐఎస్ మిషను తప్పనిసరి అంటున్నారు. మావన్నీ చిన్నవే. చెడ్డోడు వచ్చినా చిన్నదాంట్లోనే వస్తాడు. మరి ఆ లోటు మాస్టారు చెప్పిన ఎనిమిదిలో ఏ గదిలోకి వస్తుంది?

ఒంగోలు గిత్త:
ఈ థ్రెడ్‌లో పనికొచ్చే పోస్ట్ ఇదొక్కటే.

దోనకొండోడు:
రంగులూ పడవలూ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. నా ప్రశ్న రన్‌వే గురించి. మాస్టారు ఇంకా చెప్పలేదు, దోనకొండ ఎందుకు కాదు? ఒకసారి చౌక అంటారు, ఒకసారి చుక్క అంటారు. రోడ్డు రన్‌వే కూడా టీవీలో చూపించారుగా, అది చుక్క కాదా? ఊరికే పెన్షన్ వస్తుంటే ఏసీలో కూర్చుని ఎన్ని లెక్కలైనా చెప్పొచ్చు.

కావలి లెక్కల మాస్టారు:
మా ఇంట్లో ఏసీ లేదు అబ్బాయ్. నువ్వు సమాధానం ముందే రాసుకుని లెక్క వెతుకుతున్నావు. నా క్లాసులో ఇలాంటివాళ్లని చాలామందిని చూశాను, జవాబు పక్కవాడి దగ్గర కాపీ కొట్టి మధ్యలో స్టెప్పులు కల్పించేవాళ్లు.

సిగ్నల్స్ రిటైర్డ్, గిద్దలూరు:
పిల్లగాణ్ణి ఎందుకంత మాటంటారు. మీరు ఒక్కరోజైనా యూనిఫాం వేసుకున్నారా? వేసుకోనివాళ్లు సైన్యం లోటు గురించి పాఠాలు చెప్తుంటే మాకు మండుతుంది.

కావలి లెక్కల మాస్టారు:
వేసుకోలేదు. కానీ ఆ రెండు బ్యారెళ్ల రైఫిలు కావాలని క్యూఆర్ రాసింది లెక్కల మాస్టార్లా? సినిమావాళ్లా? యూనిఫాం వేసుకున్నవాళ్లే కదా సార్. ట్రయల్స్ చేసేదీ యూనిఫామే, బాగుందని సంతకం పెట్టేదీ యూనిఫామే. "జవానుని అడగరు" అంటున్నారు. ఎప్పుడూ అడగలేదా? అడిగినప్పుడు జవాను ఏం చెప్పాడు?

అడ్మిన్:
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకోసారి అయితే లాక్ చేస్తాను.

సిగ్నల్స్ రిటైర్డ్, గిద్దలూరు:
రెండు గంటలు ఆగి రాస్తున్నాను. అడిగారు మాస్టారూ. నన్నే అడిగారు. మా యూనిట్‌కి కొత్త వైర్‌లెస్ సెట్లు ట్రయల్‌కి వచ్చాయి, ఎవరివో చెప్పను. ట్రయల్ పెట్టింది మైదానంలో, మార్చి నెలలో. మేం వాడబోయేది మంచులో. చలికి బ్యాటరీ ఎంతసేపు ఆగుద్దో రాయడానికి ఆ ఫారంలో గడే లేదు. చివర వాడినవారి అభిప్రాయం అని రెండు గీతల జాగా ఉంది. పక్కన ఆఫీసర్ సాబ్ నిలబడి ఉన్నాడు, రాత్రికి నాకు సెలవు మీద రైలుంది. "సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. చలి సంగతి ఆ రెండు గీతల్లో పట్టేది, నాకు తెలుసు కూడా.

రెండేళ్లకి అవే సెట్లు పైన మా చేతికొచ్చాయి. బ్యాటరీలు చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని పడుకునేవాళ్లం, పొద్దున్నే చచ్చిపోకుండా. నాతోపాటు ఉన్న కుర్రాడు రోజూ తిట్టేవాడు, ఈ చెత్తని ఎవడు పాస్ చేశాడ్రా అని. నేను పలికేవాణ్ణి కాదు.

నెల్లూరు ట్రంకురోడ్డు:
🙏

కావలి లెక్కల మాస్టారు:
సార్, యూనిఫాం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చూడండి, గడి లేని ఫారం తయారుచేసినవాడి తప్పే ఎక్కువ. "పరిస్థితి" అనే రెండో మాట వదిలేశారు వాళ్లు. మంచులో అని ఒక్క మాట పైన రాసి ఉంటే ట్రయల్ కిందే జరిగేది కాదు.

సిగ్నల్స్ రిటైర్డ్, గిద్దలూరు:
రాయొచ్చు. రైలు ఉన్నోడు మళ్లీ సంతకం పెడతాడు.

దోనకొండోడు:
అన్నా మీరు చెప్పారు కాబట్టి నేనూ చెప్తా. నాకు విమానాలేం వద్దు. 2014లో మా ఊరు రాజధాని అని పుకారు లేచింది, తర్వాత పరిశ్రమలన్నారు. మా నాన్న ఉన్న మూడెకరాలు అమ్మకుండా పట్టుకుని కూర్చున్నాడు, రేటొస్తదని. చెల్లి పెళ్లికి అప్పు తెచ్చాం గానీ చేను ముట్టుకోలా. ఇప్పటికీ టీవీలో విమానం కనపడితే చాలు, ఇక్కడికేనేమో చూడ్రా అంటాడు. మొన్న ఆ హైవే వీడియో పెట్టి చూపిస్తే లేచి బయటికి పోయాడు.

కావలి లెక్కల మాస్టారు:
ఇది ముందే చెప్పొచ్చు కదా అబ్బాయ్.

దోనకొండోడు:
ముందే చెప్తే రియల్ ఎస్టేట్ అని తీసిపారేస్తారుగా. మొదటి పోస్టుకే అన్నారు మీరు.

కావలి లెక్కల మాస్టారు:
అన్నాను.

కృష్ణపట్నం బోటు:
నేనడిగిన చిన్న పడవల సంగతి ఎవరూ చెప్పలేదు. తెల్లారుజామున వేటకి పోవాలి, మళ్లీ వచ్చాక చూస్తా.