టైటో ఇత్తడి లాంప్: వైరింగ్ మార్చాలి, చింతపండుతో తోమొచ్చా?

హిమాయత్‌నగర్_దీపం:
అందరికీ నమస్తే. ఫిన్లాండ్ డిజైనర్ పావో ట్యునెల్ తరహా ఇత్తడి వేలాడే లాంప్ ఉంది. లోపల ఆయన కంపెనీ టైటో ముద్ర, షేడ్ నిండా సన్న చిల్లులు, అంచున ఇత్తడి ఆకులు. గుడ్డ చుట్టిన వైరును వంచితే లోపలి రబ్బరు పొడిగా రాలుతోంది. తీగలు రెండే, ఎర్త్ లేదు. ఇత్తడి ముదురు గోధుమరంగుకు తిరిగింది. చింతపండుతో తోమొచ్చా? ఏ బల్బు పెట్టాలి?

వైర్‌మాన్_కోఠి:
ముందు వైరు సంగతి చూడండి, అప్పటిదాకా స్విచ్ వేయొద్దు. ఒళ్లంతా ఇత్తడే కాబట్టి రబ్బరు రాలిన చోట తీగ తగిలితే షేడ్‌కే షాక్ వస్తుంది. 0.75 చదరపు మి.మీ. మూడు తీగల వైరు తీసుకోండి. పాత వైరు చివరకు కొత్తది కట్టి గొట్టంలోంచి లాగండి. గొట్టం అంచు కత్తిలా ఉంటుంది, అక్కడ స్లీవ్ తొడగకపోతే కొత్త వైరూ కోసుకుపోతుంది. పాత హోల్డర్ పగిలి ఉంటే పింగాణీ ఈ27 స్క్రూ హోల్డర్ వేయండి, ట్రూప్ బజార్‌లో అడగండి. ఫేజ్ హోల్డర్ అడుగున మధ్య పత్తీకి, న్యూట్రల్ బల్బు తిరిగే స్క్రూ మర భాగానికి. తారుమారైతే బల్బు మారుస్తుంటే చెయ్యి తగిలేది ఫేజ్‌కే. ఎర్త్‌ను పెయింట్ లేని చోట ఇత్తడికి బిగించండి. చివర్లో బల్బు తీసేసి, ఫేజ్, న్యూట్రల్ కలిపి, బాడీకీ వాటికీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే వేలాడదీయొద్దు. బరువు గొలుసు మీదో గొట్టం మీదో పడాలి, వైరు మీద కాదు.

ఇత్తడి_మెరుపు:
చింతపండు వద్దండీ, దయచేసి. 1918లో మొదలైన టైటో పనితనం ఆ చిల్లుల అంచుల్లోనే ఉంది. పులుపు ఇత్తడికి కాలంతో పట్టిన ముదురు రంగును కరిగించేస్తుంది, చిల్లుల్లో చిక్కుకున్నది కడిగినా పోదు, వారం తిరక్కుండా పచ్చగా చిలుము పడుతుంది. బేగంబజార్‌లో బిందెలకు పట్టినట్టు బఫ్ (తిరిగే చక్రంతో మెరుగు) పట్టిస్తే ఇంకా ఘోరం: చిల్లుల అంచులూ ముద్రా అరిగిపోతాయి. అమోనియా ఉన్న పాలిష్ కూడా వద్దు, వంచిన ఆకుల దగ్గర ఇత్తడి పగులుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్ సోప్, మెత్తటి బ్రష్, వెంటనే నూలుగుడ్డ. వైరు, హోల్డర్ విప్పాకే నీళ్లు తగలనివ్వండి.

హిమాయత్‌నగర్_దీపం:
ఇత్తడి మీద లాకర్ (నల్లబడకుండా పూసే పారదర్శక పూత) ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇత్తడి_మెరుపు:
పైకి కనపడని చోట గుడ్డతో చుక్క పాలిష్ రుద్దండి. గుడ్డ నల్లబడితే లాకర్ లేనట్టే, నల్లబడకపోతే ఉన్నట్టు.

నీడల_గోడ:
బల్బు విషయంలో ఒక మాట. పాలగాజు ఎల్ఈడీ వేస్తే వెలుగొచ్చే చోటు పెద్దదై చిల్లుల చుక్కలు గోడ మీద అలుక్కుపోతాయి. పొడుగు ఫిలమెంట్లు నాలుగున్న ఎల్ఈడీతో ఒక్కో చుక్కకు నాలుగు నీడలు. గాజు తేటగా ఉండి, వెలిగే భాగం చిన్నగా ఉన్న 2700 కెల్విన్ (వెచ్చని పసుపు వెలుగు) బల్బు చూడండి. షేడ్‌ను గోడకు దగ్గరగా జరిపితే చుక్కలు ఇంకా తేటపడతాయి.