మోడల్ హెలికాప్టర్ మఫ్లర్ బోల్టులు మాటిమాటికీ వదులవుతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నాది 50 సైజు (దాదాపు 0.50 ఘనపు అంగుళాల) నైట్రో ఇంజిన్, అంటే నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే ఇంజిన్ ఉన్న మోడల్ హెలికాప్టర్. మఫ్లర్‌ని (పొగ బయటకు పోయే సైలెన్సర్) ఇంజిన్‌కి, మధ్యలో గాస్కెట్ (అతుకు లీకవకుండా పెట్టే పల్చటి పొర) పెట్టి, రెండు 3 ఎంఎం అలెన్ బోల్టులతో బిగించాను. రెండు ట్యాంకుల ఇంధనం అయ్యేదాకా ఎగరేసేసరికి బోల్టులు వదులై, అతుకు దగ్గర నల్లటి నూనె కారి టెయిల్ బూమ్ (తోక గొట్టం) దాకా చిమ్ముతోంది. నీలం థ్రెడ్‌లాక్ (బోల్టులు వదులవకుండా మరలకు రాసే జిగురు) రాశాను, ఆ వేడికి నిలవలేదు. ఇంధనాన్ని ఇంజిన్‌లోకి నెట్టడానికి మఫ్లర్ నుంచి ట్యాంకుకి వెళ్లే ప్రెజర్ తగ్గితే ఇంధనం చాలక ఇంజిన్ వేడెక్కిపోతుందనే నా టెన్షన్.

గాస్కెట్ తీసేసి వేడి తట్టుకునే సిలికాన్ రాయమంటారా? రాస్తే ఎంతసేపు ఆరనివ్వాలి? ఇంజిన్ వేడి మీద ఉండగానే మళ్లీ బిగించాలా? అల్యూమినియంలో మరలు పోతాయేమోనని ఇంకా గట్టిగా తిప్పడానికి చెయ్యి రావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.