ఆన్‌లైన్ స్ట్రాటజీ గేమ్‌ను ముందుగా ఏయే భాషల్లోకి అనువదించాలి?

ప్రశ్న

మేము నలుగురం కలిసి ఒక ఆన్‌లైన్ స్ట్రాటజీ గేమ్ నడుపుతున్నాము. ప్రతి ఆటగాడికీ ఒక కోట, దాని చుట్టూ పొలాలు, గనులు ఉంటాయి. ఆటగాళ్లు కూటములుగా ఏర్పడి 90 రోజుల పాటు ఒకే పటం మీద పోరాడతారు. గడువు ముగిశాక కొత్త పటంతో ఆట మళ్లీ మొదలవుతుంది. ప్రస్తుతం అంతా ఇంగ్లీషులోనే ఉంది. గేమ్‌లోని పాఠ్యం సుమారు 38 వేల పదాలు. ప్రతినెలా అప్‌డేట్‌తో మరో ఐదారు వందల పదాలు చేరుతుంటాయి.

ఐదు భాషలు చేర్చాలని అనుకున్నాము గాని, ఏ ఐదన్న దగ్గర మాలో మాకే మాట కలవడం లేదు. మాట్లాడేవారి సంఖ్యను బట్టి చైనీస్, హిందీ, స్పానిష్, అరబిక్ తీసుకుందామని ఒకరు అంటున్నారు. చాలా గేములు చేసినట్టే ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్, స్పానిష్‌లతో మొదలుపెడదామని మరొకరు. మన సర్వర్ లెక్కలు చూసి తేల్చుదామని మూడవవారు. ఇంతలో ఇద్దరు ఆటగాళ్లు పోలిష్‌లోకి ఉచితంగా అనువదించి ఇస్తామని ముందుకు వచ్చారు. తెలుగును కూడా చేర్చాలని నాకు కోరిక ఉంది. అది అభిమానమే తప్ప లెక్క కాదని ఒప్పుకుంటున్నాను. ఇటువంటి నిర్ణయం తీసుకున్న అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

మాట్లాడేవారి సంఖ్యను ముందుగా పక్కన పెట్టండి. ఒక భాషను ఎంతమంది మాట్లాడతారన్న దానికీ, ఆ భాష లేనందువల్ల ఎంతమంది మీ ఆటను వదిలి వెళ్తున్నారన్న దానికీ పొంతన తక్కువ. డచ్, స్వీడిష్ మాట్లాడేవారిలో అధికులు ఇంగ్లీషులో ఇబ్బంది లేకుండా ఆడుకుంటారు. జపనీస్, కొరియన్, చైనీస్ ఆటగాళ్లలో చాలామంది తమ భాష కనబడకపోతే మొదటి తెర దగ్గరే వెనుదిరుగుతారు. ఇక ఆ ఐరోపా భాషల జాబితా సంగతి: ఇంగ్లీషుతో కలిపి ఆ ఐదింటికి పరిశ్రమలో ‘ఎఫిగ్స్’ అన్న పొట్టిపేరే ఉంది. గేములను డబ్బాల్లో పెట్టి దుకాణాలకు పంపిన కాలానికి ఆ జాబితా బాగా సరిపోయింది. ఈనాటి ఆన్‌లైన్ గేముకు కూడా అదే సరిపోవాలని నియమమేమీ లేదు.

సర్వర్ లెక్కలు చూద్దామన్న మీ మూడవ మిత్రుని మాట సరైనదే, కాని అందులో ఒక మెలిక ఉంది. ఇప్పుడు మీ సర్వర్‌లో ఉన్నవారంతా ఇంగ్లీషును నెట్టుకురాగలిగినవారే. రానివారు ఎప్పుడో వెళ్లిపోయారు కనుక ఆ లెక్కలో వారు కనబడరు. అందువల్ల ఉన్నవారిని కాక, వచ్చి వెళ్లిపోయినవారిని వారి ఫోను భాషల వారీగా విడదీసి చూడండి. ట్యుటోరియల్ (కొత్తవారికి ఆట నేర్పే తొలి భాగం) మూడవ మెట్టు దగ్గర జర్మన్ ఫోన్లవారు పదిమందిలో ఇద్దరు, కొరియన్ ఫోన్లవారు పదిమందిలో ఏడుగురు ఆగిపోతున్నారనుకోండి, అప్పుడు జర్మన్ల సంఖ్య రెట్టింపు ఉన్నా ముందుగా పట్టించుకోవలసింది కొరియన్‌నే. ఫోను భాషను కూడా పూర్తిగా నమ్మవద్దు. హిందీ, తెలుగు మాట్లాడేవారిలో చాలామంది ఫోనును ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు కనుక అలాంటి భాషలకు ఈ కొలత ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

గేమ్ జోలికి పోకముందే స్టోర్ పేజీని అనువదించి చూడవచ్చు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో గేమ్ ఆ భాషలో లేకపోయినా పేజీ వివరణను ఆ భాషలో పెట్టుకునే వీలుంది. నాలుగైదు వందల పదాల పనితో, ఏ భాషవారు ఆగి చదివి విష్‌లిస్ట్‌లో (తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో) చేర్చుకుంటున్నారో కొంత తెలుస్తుంది. గేమ్ ఏ భాషల్లో ఉందో ఆ పేజీలోనే నిజాయితీగా చూపించండి. లేకపోతే ఆ కోపమంతా రివ్యూల్లో తేలుతుంది.

సమాధానం 2

నేను కొంతకాలం ఇలాంటి ఒక గేములో మోడరేటర్‌గా, అంటే ఆటగాళ్ల ఫిర్యాదులు చూసి తీర్పు చెప్పే పనిలో ఉన్నాను. పై సమాధానంతో నాకు పేచీ లేదు, కాని అది ఒంటరిగా ఆడే గేముకు సరిపోయినంతగా మీ గేముకు సరిపోదు. మీ ఆటలో అసలు ఆట చాట్‌లో జరుగుతుంది. ఎవరిపై ఎప్పుడు దండెత్తాలి, ఎవరితో సంధి, ఎవరు ధాన్యం పంపాలి అన్నవన్నీ మాటల మీదే నడుస్తాయి. బటన్లను అనువదించి ఒక భాషవారిని లోపలికి పిలిచారంటే, వారు మాట్లాడుకునేందుకు మనుషులను కూడా చూపించవలసి ఉంటుంది.

దీనికి ట్రైబల్ వార్స్, ట్రావియన్ వంటి పాత బ్రౌజర్ గేములు దేశానికో భాషకో వేర్వేరు సర్వర్లు పెట్టాయి. తగినంతమంది ఉన్నప్పుడు ఆ పద్ధతి చక్కగా నడుస్తుంది. జనం పలచబడితే మాత్రం పటం నిండా యజమాని వదిలేసిన కోటలే మిగులుతాయి, వాటిని దోచుకుని ముందే బలిసిన రెండు కూటములు మరింత బలుస్తాయి, కొత్తగా చేరినవాడు వారం తిరగకుండానే మానేస్తాడు. అందరినీ ఒకే సర్వర్‌లో ఉంచితే ఆ బాధ ఉండదు గాని, కూటముల మధ్య రాయబారాలు చివరికి ఇంగ్లీషులోనే సాగుతాయి. మీ నలుగురి బలానికి ఒకే సర్వర్ మంచిదని నా అభిప్రాయం.

మేము టర్కిష్‌ను చేర్చినప్పుడు జరిగింది చెబుతాను. అనువాదం బాగానే వచ్చింది, ఆటగాళ్లు కూడా బాగానే వచ్చారు. రెండవ వారం నుంచి ఒకరిపై ఒకరు ఫిర్యాదులు మొదలయ్యాయి, వాటిని చదవగలిగినవారు మాలో ఒక్కరూ లేరు. బూతుల వడపోత ఇంగ్లీషు మాటలకే పనిచేసేది. యంత్రానువాదంతో చూసి తీర్పులు చెబితే, ఎగతాళిని బెదిరింపుగా పొరబడి ఒక కూటమి నాయకుణ్ణి మూడురోజులు నిషేధించాము. ఆ మూడురోజుల్లోనే అతని కోటలు పోయాయి. అతనితోపాటు ఆ కూటమి మొత్తం వెళ్లిపోయింది. అప్పటి నుంచి, ఫిర్యాదును చదివి అర్థం చేసుకోగల మోడరేటర్లు కనీసం ఇద్దరు దొరికేవరకు ఏ భాషనూ తెరవకూడదన్నది నా పట్టుదల.

సమాధానం 3

ఏ భాష అన్నది కోడ్ ఎంత సిద్ధంగా ఉందన్న దానిపై కూడా ఆధారపడుతుంది. ఒకదానితో ఒకటి పొంతన లేని ఇబ్బందులు ఉన్న భాషలను తీసుకుంటే ఖర్చు తెలియకుండా పెరుగుతుంది. జర్మన్‌లో మాటలు పొడుగు: ఇంగ్లీషులో డిఫెన్స్ అన్నది ఏడక్షరాలైతే జర్మన్ ఫెర్టైడిగుంగ్ పన్నెండు అక్షరాలు, బటన్ దాటి బయటకు వస్తుంది. రష్యన్, పోలిష్‌లలో బహువచనం ఒక్క రూపంతో తీరదు. రష్యన్‌లో ఒక రోజు ‘దేన్’, రెండు రోజులు ‘ద్న్యా’, అయిదు రోజులు ‘ద్న్యెయ్’, ఇరవైఒకటికి మళ్లీ ‘దేన్’. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ కోసం భాషలవారీగా కూర్చిన నియమాల సంకలనం) ప్రకారం అరబిక్‌కు అలాంటివి ఆరు రూపాలున్నాయి, పైగా తెర మొత్తాన్ని కుడినుంచి ఎడమకు తిప్పాలి. చైనీస్‌కు బహువచనం గొడవ లేదు, కాని ఫాంట్‌లో వేల గుర్తులు కావాలి.

తెలుగు గురించి అడిగారు కనుక కొంచెం వివరంగా చెబుతాను. మీ గేములో ‘ఫలానా చోటికి 50 మంది సైనికులను పంపారు’ అన్న వాక్యం ఉంటుంది, చోటు పేరు దగ్గర కోడ్ ఒక పదాన్ని తెచ్చి అతికిస్తుంది. ఇంగ్లీషులో ఏ పదం తెచ్చినా పరవాలేదు. తెలుగులో ‘కోట’ వస్తే కోటకు, ‘గిడ్డంగి’ వస్తే గిడ్డంగికి, ‘గ్రామం’ వస్తే గ్రామానికి, ‘ఇల్లు’ వస్తే ఇంటికి అనాలి. ఒకే విభక్తిని అన్నింటికీ తగిలిస్తే ‘గ్రామంకు’, ‘ఇల్లుకు’ అని వస్తుంది, అది చూసిన మొదటి ఆటగాడే ఇది యంత్రం చేసిన అనువాదమని తేల్చేస్తాడు. ‘గమ్యం: గ్రామం. సైనికులు: 50’ అని వాక్యాన్ని విరిచి రాసుకోవడం నాకు తెలిసిన సులభమైన దారి. ఫిన్నిష్, హంగేరియన్, టర్కిష్‌లకు కూడా ఇదే మందు. ఇక కొన్ని గేమ్ ఇంజిన్ల పాఠ్య వ్యవస్థలు తెలుగు ఒత్తులను సరిగా కూర్చలేవు. ‘రాష్ట్రం’ అన్న మాటను ఒకసారి తెర మీద వేసి చూడండి, తెలిసిపోతుంది.

మరొక చిన్న విషయం: పేర్లలో రష్యన్ అక్షరాలను అనుమతించిన రోజున, చూడడానికి అచ్చం లాటిన్ ‘ఏ’ లాగే ఉండే రష్యన్ అక్షరంతో కూటమి నాయకుని పేరును ఎవరో ఒకరు పెట్టుకుని సంధి ఉత్తరాలు పంపుతారు. ఒకే పేరులో రెండు లిపులు కలవకుండా ముందే కట్టడి చేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వెళ్లిపోయినవారిని విడదీసి చూశాము. మేము ఊహించని విధంగా బ్రెజిల్ పోర్చుగీస్, కొరియన్ ముందు వరుసలో ఉన్నాయి. ఇటాలియన్ వారు ఇంగ్లీషులోనే నిలకడగా ఆడుతున్నారు. చైనీస్ కూడా ఎక్కువే. పోర్చుగీస్‌కు మోడరేటర్లు ఇద్దరు దొరికారు, కొరియన్‌కు ఇంకా దొరకలేదు. చైనీస్, పోలిష్‌ల విషయంలోనే సందిగ్ధం మిగిలింది.

సమాధానం 4

చైనీస్ అంటే ఏ చైనీస్ అన్నది ముందు తేల్చుకోండి. సరళీకృత లిపి ప్రధానంగా చైనా ప్రధాన భూభాగానికి, సంప్రదాయ లిపి తైవాన్, హాంగ్‌కాంగ్‌లకు. ప్రధాన భూభాగంలో డబ్బు తీసుకునే గేమ్ అధికారికంగా విడుదల కావాలంటే అక్కడి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని గేములను 2020లో ఆపిల్ తన చైనా స్టోర్ నుంచి తొలగించింది. గూగుల్ ప్లే అక్కడ లేదు. మొబైల్ మీకు ముఖ్యమైతే సంప్రదాయ లిపితో మొదలుపెట్టడం తేలిక.

పోలిష్‌ను కాదనకండి, కాని ఆ ఇద్దరి మీదే వదిలేయకండి. ‘బ్యాటిల్ ఫర్ వెస్నాథ్’, ‘ఓపెన్‌టీటీడీ’ వంటి స్వేచ్ఛా గేములు (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచినవి) ఏళ్ల తరబడి స్వచ్ఛంద అనువాదాలతోనే నడుస్తున్నాయి. అక్కడ కూడా ఏ భాష ఎంత శాతం పూర్తయిందో అందరికీ కనబడేలా ఉంచుతారు, కొన్ని భాషలు నిండుగా, కొన్ని సగంలో ఉంటాయి. మీ నెలవారీ ఐదారు వందల పదాలు ఏడాదికి ఏడువేలు దాటగలవు. ఆ ఇద్దరిలో ఒకరు ఆట మానేస్తే, కొత్త ఆయుధాల వివరణ ఇంగ్లీషులో, పాతవాటిది పోలిష్‌లో కనబడుతుంది. కాబట్టి ముందుగా వారికి 38 వేల పదాలూ ఇవ్వకుండా ట్యుటోరియల్‌ను, రాబోయే రెండు అప్‌డేట్‌లను మాత్రమే ఇవ్వండి. ఆ రెండూ సమయానికి వస్తే మిగతాది ఇవ్వండి. తెలుగుకు కూడా అదే పరీక్ష పెట్టుకోండి. అనువదించేది మీరే కనుక గడువు దాటినప్పుడు సాకు చెప్పవలసింది కూడా మీకే.