బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిళ్లు: మీరెలా పసిగడుతున్నారు?

నీలిసిరా:
‘24 గంటల్లో మీ ఖాతా నిలిచిపోతుంది, వివరాలు సరిచూసుకోండి’ అని మెయిల్ వచ్చింది. లోగో, రంగులు, అడుగున సన్నక్షరాల నిబంధనలు అన్నీ అచ్చం బ్యాంకువే. ఇదివరకు అక్షరదోషాలు పట్టించేవి, ఇప్పుడు ఆ ఆనవాలూ లేదు. మీరు దేన్నిబట్టి తేల్చుకుంటున్నారు?

మర్రినీడ:
పంపినవారి పేరును నేను లెక్కలోకే తీసుకోను, అక్కడ ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. లింకును నొక్కకుండా, దాని మీద మౌస్ ఆనిస్తే అసలు చిరునామా కనబడుతుంది. ఫోన్లో అది కష్టం, పొరపాటున తెరుచుకునే ప్రమాదం కూడా. ‘మీబ్యాంకు.కామ్.వెరిఫై-లాగిన్.నెట్’ అని ఉంటే అది మీ బ్యాంకుది కాదు, చివరనున్న ‘వెరిఫై-లాగిన్.నెట్’ వాడిది. మన కన్ను మాత్రం మొదటి ముక్క దగ్గరే ఆగిపోతుంది.

వానచినుకు:
చిరునామా పక్కన తాళం గుర్తుంటే నమ్మొచ్చు కదండీ?

మర్రినీడ:
నమ్మకూడదండీ. మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నవాడు ఎవరో అది చెప్పదు. ఆ తాళం గుర్తు రావడానికి కావలసిన సర్టిఫికెట్ దొంగ సైటుకూ ఉచితంగానే దొరుకుతుంది.

గడియారం:
నేను పాస్‌వర్డ్ మేనేజర్ మీద, అంటే పాస్‌వర్డ్‌లను దాచిపెట్టి ఆయా సైట్లలో తనే నింపే యాప్ మీద ఆధారపడతాను. సైటు చిరునామా ఒక్క అక్షరం మారినా అది పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ నింపేది ఇవాళ నింపలేదంటే అక్కడే ఆగిపోతాను. ఓటీపీ ఉంది కదా అని ధీమా వద్దు. మీరు దొంగ పేజీలో కొట్టిన ఓటీపీని వాడు ఆ క్షణంలోనే అసలు సైటులో వాడేస్తాడు. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగినయ్యే పద్ధతి) పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి, అది వేరే సైటులో పనిచేయదు.

వెలుగుబాట:
అర్జంటండీ! మా అన్నయ్య ఇలాంటి పేజీలోనే ఇందాక కార్డు నంబరు, సీవీవీ, మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. ముందేం చేయాలి?

గడియారం:
ముందు కార్డు బ్లాక్ చేయించండి. కార్డు వెనకున్న నంబరుకే ఫోన్ చేయండి. మెయిల్లో ఉన్నదీ వద్దు, గూగుల్లో వెతికి పట్టిందీ వద్దు, అక్కడా దొంగ నంబర్లుంటాయి. ఆ వెంటనే మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైనవుట్ చేయండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ ఆ మెయిల్‌కే వస్తాయి, అందుకే ఆలస్యం వద్దు. అన్నయ్యని ఇప్పుడేమీ అనకండి, కంగారులో ఇంకో తప్పు జరుగుతుంది.

మర్రినీడ:
మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ (వచ్చిన మెయిళ్లను వేరే చిరునామాకు పంపేది), ఫిల్టర్లు (వాటిని తనంతట తనే పక్కకు తోసేవి) ఆ దొంగ ఏమైనా పెట్టాడేమో కూడా చూడండి. పాస్‌వర్డ్ మార్చినా అవి అలాగే ఉండిపోతాయి.

వెలుగుబాట:
కార్డు బ్లాక్ అయింది. మీరన్నట్టే ఒక కొత్త ఫిల్టర్ కనిపించింది! బ్యాంకు నుంచి వచ్చేవన్నీ నేరుగా ట్రాష్‌లోకి పోయేలా పెట్టాడు. తీసేశాం. ఆ దొంగ మెయిల్ కూడా డిలీట్ చేసేయమంటారా?

గడియారం:
అప్పుడే వద్దు. ఫిర్యాదుకు పనికొస్తుంది. బ్యాంకు అడిగితే మామూలుగా ఫార్వర్డ్ చేయకుండా అటాచ్‌మెంట్‌గా పంపండి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిపే హెడర్లు చెరిగిపోకుండా ఉంటాయి.