డబ్బిచ్చి ఎడిటర్‌ని పెట్టుకుంటే మన రాత బాగుపడుతుందా?

తొలినవల:
నవల పూర్తవడానికి నాలుగేళ్లు పట్టింది. ఇంట్లోవాళ్లు చదివారు, ఇద్దరు స్నేహితులు చదివారు. అందరూ బాగుందన్నారు. ఎక్కడ బాగాలేదో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. సొంతంగా అచ్చు వేయించుకుందామనుకుంటున్నాను. అంతకుముందు ప్రొఫెషనల్ ఎడిటర్‌కి ఇవ్వాలా వద్దా అని నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను.

డబ్బు గురించి టెన్షన్ ఉంది, కాదనను. వేరొకరు దిద్దాక అది నా పుస్తకమేనా అన్న బెంగ కూడా ఉంది. కానీ వీటికంటే నన్ను ఎక్కువ తొలిచే సందేహం ఇంకొకటి. ఆ ఒక్క పుస్తకం బాగుపడి, నేను ఉన్నచోటే ఉండిపోతే? రెండో నవల రాశాక మళ్లీ డబ్బు పట్టుకుని ఎవరి దగ్గరికో వెళ్లాల్సిందేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎర్రకలం:
వద్దండి. రాయడంలో సగం తిరగరాయడమే. ఆ సగం ఇంకొకరికి అప్పగిస్తే, ఈత నేర్చుకోవాలని వెళ్లి మనకి బదులు మరొకర్ని నీళ్లలోకి దించినట్టే.

రాసింది మూడు నెలలు పక్కన పడేయండి. తర్వాత తీసి పైకి చదవండి, గొంతు పెట్టి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగాలేదు. మీకే విసుగు పుట్టిన చోట చదివేవాడు పుస్తకం మూసేస్తాడు. నేను రాసినవన్నీ ఇలాగే దిద్దుకున్నాను.

ఇంకో కన్ను కావాలంటే మంచి స్నేహితుణ్ని వెతుక్కోండి. ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ తన 'ద వేస్ట్ ల్యాండ్' చిత్తుప్రతిని తోటి కవి ఎజ్రా పౌండ్ చేతిలో పెట్టాడు. పౌండ్ దాదాపు సగం కొట్టేశాడు. 1922లో అచ్చయింది ఆ కోత తర్వాత మిగిలిన కావ్యమే. ఆ చిత్తు కాగితాలు 1971లో పుస్తకంగా వచ్చాయి, పౌండ్ పెట్టిన గీతలతో సహా. అది డబ్బుకి కుదిరిన పని కాదు, స్నేహం చేసిన పని.

మార్జిన్:
చాలా ఏళ్లుగా ఎడిటింగే నా జీవనాధారం. కాబట్టి నా మాటల్లో నా స్వార్థం కూడా ఉంటుందని ముందే అనుకుని చదవండి.

ఎర్రకలం గారూ, పౌండ్ లాంటి స్నేహితుడు ఉంటే నేనూ ఎడిటర్ వద్దనే అంటాను. తొలినవల గారికి ఉన్న స్నేహితులు 'బాగుంది' అన్నారు. వాళ్ల తప్పు కాదది. ఎదురుగా కూర్చున్న మనిషి నాలుగేళ్ల కష్టాన్ని పట్టుకుని 'మొదటి యాభై పేజీలు అక్కర్లేదు' అనడం స్నేహితుడికి చాలా కష్టం. ఆ మాట అనడానికే నాకు డబ్బిస్తారు.

ఇంకొకటి. హెమింగ్వే, ఫిట్జ్‌జెరాల్డ్, థామస్ వుల్ఫ్ ముగ్గురికీ ఎడిటర్ ఒక్కరే, మాక్స్‌వెల్ పెర్కిన్స్. ఆయనకి జీతం ఇచ్చింది ప్రచురణ సంస్థ, రచయితలు కాదు. సొంతంగా అచ్చు వేసుకునేవాళ్ల వెనక అలాంటి సంస్థ ఉండదు కాబట్టి ఆ ఖర్చు వాళ్ల నెత్తిన పడుతోంది. అంతేగాని ఎడిటర్ అవసరం కొత్తగా పుట్టింది కాదు.

అసలు గందరగోళం వేరే చోట ఉంది. ఎడిటింగ్ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు రకాల పనులున్నాయి. కథ నడక సరిగా ఉందా, ఏ అధ్యాయం ముందు రావాలి, ఏ పాత్ర దండగ అని చూసేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. వాక్యం వాక్యం పట్టుకుని బిగించేది లైన్ ఎడిటింగ్. వ్యాకరణం, స్పెల్లింగులు, మూడో అధ్యాయంలో అన్నయ్య పదకొండో అధ్యాయానికి తమ్ముడైపోవడం లాంటివి పట్టుకునేది కాపీ ఎడిటింగ్. పేజీలు కట్టాక అచ్చుతప్పులు చూసేది ప్రూఫ్ రీడింగ్. చాలామంది వచ్చి 'కాస్త ప్రూఫ్ చూడండి' అంటారు. తీరా చదివితే కథే ఇంకా కుదురుకోలేదని తెలుస్తుంది. రేపు తీసేయాల్సిన పేజీల్లో ఈరోజు ఒత్తులు దిద్ది డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పదు.

కథలగంప:
తొలినవల గారూ, మీ మూడో సందేహానికి నా దగ్గర జవాబుంది.

ఆరేళ్ల క్రితం నా కథల సంపుటిని ఒక ఎడిటర్‌కి ఇచ్చాను. కంప్యూటర్లో ట్రాక్ చేంజెస్ (చేసిన ప్రతి మార్పూ రంగులో కనిపించే పద్ధతి) పెట్టి ఫైలు తిరిగి పంపారు. తెరిచి చూస్తే పేజీ నిండా ఎరుపే. రెండు రోజులు ఆ ఫైలు మళ్లీ ముట్టుకోలేదు, ఏడుపొచ్చింది. మూడో రోజు కూర్చుని ఒక్కొక్కటీ చూశాను.

నా కథలో ఇలా ఉంది: 'ఆమె ఉత్తరం మడిచి పెట్టె అడుగున పెట్టింది. ఇక దాన్ని మళ్లీ చదవదలచుకోలేదు.' రెండో వాక్యం కొట్టేసి పక్కన 'పెట్టె అడుగున పెట్టడంలోనే తెలిసింది' అని రాశారు. రెండు పేజీల తర్వాత అలాంటిదే ఇంకొకటి. తర్వాతి కథలో మళ్లీ. లెక్కపెట్టాను, పన్నెండు కథల్లో నలభై ఒక్క చోట్ల నేను ఒక పని చూపించి, వెంటనే దాని అర్థం కూడా చెప్పేస్తున్నాను. పాఠకుడి మీద నాకు నమ్మకం లేదన్నమాట. ఇరవై ఏళ్లుగా రాస్తున్నా ఆ సంగతి నాకు తెలియదు. ఎన్నిసార్లు పైకి చదివినా తెలిసేది కాదు. ఎందుకంటే నా నాలుక ఆ వాక్యాలకే అలవాటు పడింది.

ఆ తర్వాత రాసిన కథల్లో ఆ అలవాటు లేదు. వస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది. రెండో పుస్తకానికి ఎడిటర్‌ని పెట్టుకోలేదు, ప్రూఫ్ మాత్రమే చూపించాను. అయితే ఒక్క షరతు. మార్పులన్నీ ఒకేసారి ఒప్పేసుకునే బటన్ ఉంటుంది కదా, అది నొక్కి ఉంటే పుస్తకం బాగుపడేది, నేను మాత్రం ఇప్పటికీ అలాగే రాస్తూ ఉండేదాన్ని.

ఎర్రకలం:
కథలగంప గారూ, మీ అనుభవం చదివాక కొంచెం ఆగి ఆలోచించాను. నాలుక కూడా తప్పుకి అలవాటు పడుతుందన్న మాట నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా నా భయం పోలేదు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ సంగతి చూడండి. 1981లో వచ్చిన ఆయన కథల సంపుటిలో ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు, ముగింపులు మార్చాడు. పుస్తకం అచ్చులోకి వెళ్లకుండా ఆపమని కార్వర్ 1980 జులైలో బతిమాలుతూ ఉత్తరం రాశాడు. అయినా వచ్చింది, గొప్ప పేరూ తెచ్చింది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2009లో, కోతలు లేని మూలం అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టుంటుంది. పేరు వచ్చింది కదా అని సర్దుకోవచ్చా? నేనైతే సర్దుకోలేను. ఆ ఉత్తరం రాసిన మనిషి పడ్డ బాధే నాకు గుర్తుంటుంది.

పొలిమేర:
ఎర్రకలం గారి భయం నాకు జరిగింది.

నా నవలలో మనుషులు మా యాసలోనే మాట్లాడతారు. 'ఏడికి పోతున్నవ్' అని ఒక తల్లి కొడుకుని అడుగుతుంది. ఎడిటింగ్ అయి వచ్చాక ఆ తల్లి 'ఎక్కడికి వెళ్తున్నావు' అంటోంది. పుస్తకమంతా అంతే. 'తప్పులు సరిచేశాను' అని నోట్ రాశారు. అవి తప్పులెలా అవుతాయి? మా అమ్మ బతికున్నన్నాళ్లూ అడిగిన ప్రశ్న అది. పాఠ్యపుస్తకం భాష ఆమె నోట్లో పెడితే ఆమె నా పాత్ర కాదు, ఎవరో పరాయి మనిషి. మొత్తం వెనక్కి మార్చడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు.

వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి గారు అన్నేళ్లు పోరాడింది మనుషులు మాట్లాడే తెలుగుని రాతలో నిలబెట్టడానికే కదా. ఇన్నేళ్ల తర్వాత కూడా యాసని తప్పు కింద లెక్కేస్తే ఎలా?

మార్జిన్:
పొలిమేర గారూ, మీకు జరిగింది అన్యాయం. దాన్ని నేను సమర్థించను. అది ఎడిటింగ్ కాదు. యాసలో పాత్ర మాట్లాడుతుంటే ఎడిటర్ చూడాల్సింది ఒక్కటే, ఆ యాస ఆ పాత్ర నోట చివరిదాకా ఒకేలా నిలిచిందా అని. ఇరవయ్యో పేజీలో 'పోయిండు' అన్న మనిషి ఎనభయ్యో పేజీలో కారణం లేకుండా 'వెళ్లాడు' అంటే, అప్పుడు పక్కన ఒక ప్రశ్న రాయాలి. దిద్దకూడదు, అడగాలి.

ఇలాంటిది జరగకుండా పని మొదలయ్యే ముందే స్టైల్ షీట్ రాసుకోవాలి. 'వెళ్లాడు' అని రాస్తామా 'వెళ్ళాడు' అనా, 'చెయ్యి' అనా 'చేయి' అనా, ఏ పాత్రలది ఏ యాస, ఏ మాటలు ముట్టుకోకూడదు, ఇవన్నీ ఒక కాగితం మీద ఉండాలి. రచయిత ఒప్పుకున్నాకే ఎడిటర్ ముందుకు వెళ్లాలి. కార్వర్ విషయంలోనూ నా బాధ కోత గురించి కాదు. వద్దన్నా ఆగకపోవడం గురించి. చివరి మాట రచయితదే. ఎడిటర్ చెప్పిన ప్రతి మార్పునూ కాదనే హక్కు మీకుందని ఒప్పందంలో రాయించుకోండి. ఎన్ని విడతలు చూస్తారు, ఎప్పటికి ఇస్తారు, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, అవి కూడా.

పరిశోధన:
థీసిస్‌కి కూడా ఎడిటర్‌ని పెట్టుకోవచ్చా? మా గైడ్‌ని అడగడానికి మొహమాటంగా ఉంది.

కథలగంప:
ముందు గైడ్‌నే అడగండి, మొహమాటపడొద్దు. భాష దిద్దించుకోవడం వేరు, వాదన రాయించుకోవడం వేరు. రెండోది ఎక్కడైనా తప్పే. మొదటిదానికి మీ యూనివర్సిటీ నియమాలు ఏమంటున్నాయో చూసుకుని, దిద్దినవాళ్ల పేరు కృతజ్ఞతల్లో రాయండి. దాచాల్సిన పనేం లేదు.

కొత్తకీబోర్డు:
ఇప్పుడు సాఫ్ట్‌వేర్లే దిద్దిపెడుతున్నాయి కదా, మనిషి దేనికి?

పొలిమేర:
స్పెల్లింగులకి వాడుకోండి, నేనూ వాడతాను. కానీ దానికి ఒక పేరా ఇచ్చి 'బాగు చెయ్యి' అని చూడండి. మా అమ్మ మళ్లీ 'ఎక్కడికి వెళ్తున్నావు' అనే అడుగుతుంది.

తొలినవల:
అందరికీ కృతజ్ఞతలు. నవల మొత్తం ఒకేసారి ఇవ్వను. మొదటి మూడు అధ్యాయాలు మాత్రం ఇద్దరు ఎడిటర్లకి విడివిడిగా ఇచ్చి, డబ్బిచ్చే దిద్దిస్తాను. ఇద్దరూ ఒకే చోట వేలు పెడితే అది నా అలవాటేనని నాకే అర్థమవుతుంది. ఆ తర్వాత మిగతా అధ్యాయాలు ముందు నేనే దిద్దుకుంటాను, కథలగంప గారు చెప్పినట్టు ఒక్కొక్కటీ చూసి. అప్పటికీ కథ నడక మీద సందేహం ఉంటే దానికి మాత్రమే మళ్లీ ఎడిటర్ దగ్గరికి వెళ్తాను. స్టైల్ షీట్ ఈ రాత్రే మొదలుపెడుతున్నాను. నా నవలలో తాతగారి మాటల్ని ఎవరూ ముట్టుకోకూడదని మొదటి లైన్లోనే రాశాను.

ఎర్రకలం:
బాగుంది. ఎడిటర్లకి పంపేముందు ఆ మూడు అధ్యాయాలు నాకు కూడా పంపండి. స్నేహితుడు చాలన్నది నేనే కదా, ఆ పని నేను చేస్తాను. బాగున్న చోట ఏమీ రాయను, బాగాలేని చోట మాత్రమే గీత పెడతాను. వారం రోజులు ఇవ్వండి.